నీటిని విడగొట్టే సెల్: 2:1 రావడానికి మార్చినవి, మార్చాల్సినవి (ప్రాజెక్టు డైరీ)

పాఠంలో ఇది ఒక్క వాక్యం. నీటిలోకి కరెంటు పంపితే రెండు పాళ్లు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వస్తాయి. చేతికి అందే సామాన్లతో సెల్ కట్టి చూస్తే మాత్రం ఆ 2:1 దాదాపు ఎప్పుడూ రాదు. ఒకసారి 12:1 వస్తుంది, ఇంకోసారి 1.7:1. చాలామంది దాన్ని "దాదాపు 2:1" అని రాసేసి రికార్డు మూసేస్తారు. ఆ తేడా ఎక్కడ పుడుతుందో ఒక్కొక్కటిగా పట్టుకోవడానికే ఈ డైరీ. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి పిల్లలు దీన్ని కాపీ కొట్టి చేసుకోవచ్చు, పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి.

ముందే చెప్పాల్సిన జాగ్రత్తలు:

1. గోడ ప్లగ్గు కరెంటు నేరుగా వాడకూడదు. బ్యాటరీ గానీ, 12 వోల్టుల అడాప్టర్ గానీ మాత్రమే.
2. కళ్లద్దాలు, గ్లవ్స్ పెట్టుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచాలి.
3. రెండు వాయువులనూ ఒకే గొట్టంలో పట్టకూడదు. ఆ మిశ్రమానికి చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది.

దశ 1: ఉప్పు, పెన్సిల్ గ్రాఫైట్, 9 వోల్టుల బ్యాటరీ

అందరూ మొదలుపెట్టేది దీనితోనే. స్వచ్ఛమైన నీటిలో కరెంటు సరిగా పారదు కాబట్టి చెంచాడు ఉప్పు వేశాం. ఎలక్ట్రోడ్లు, అంటే నీటిలో ముంచి కరెంటు పంపే కొసలు, పెన్సిల్ లోపలి గ్రాఫైట్ కడ్డీలు. బ్యాటరీ నెగటివ్‌కి కలిపినది కాథోడ్, పాజిటివ్‌కి కలిపినది ఆనోడ్.

రీడింగు: కాథోడ్ వైపు 12 మి.లీ., ఆనోడ్ వైపు 1 మి.లీ.

ఆనోడ్ దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చింది. తడి లిట్మస్ కాగితం అక్కడ పెడితే రంగు మారడం కాదు, రంగే పోయింది. అంటే వచ్చింది ఆక్సిజన్ కాదు, క్లోరిన్. వోల్టేజీ లెక్క ప్రకారం ముందు ఆక్సిజనే రావాలి. కానీ ఆక్సిజన్ పుట్టే చర్య చాలా నెమ్మది, దాన్ని ముందుకు తోయడానికి అదనపు వోల్టేజీ కావాలి. ఆ లోపు ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు (ఆవేశం ఉన్న కణాలు) తమ ఎలక్ట్రాన్లు ఇచ్చేసి క్లోరిన్ అయిపోతాయి. ఆ క్లోరిన్‌లో ఎక్కువ భాగం నీటిలోనే కరిగిపోతుంది. గొట్టంలో 1 మి.లీ. మాత్రమే కనిపించింది అందుకే.

మార్పు: ఉప్పు పూర్తిగా బంద్. క్లోరిన్ పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు, కాబట్టి ఈ దశను చేసి చూడాల్సిన పని కూడా లేదు.

ఇప్పటిదాకా నమ్మదగిన రీడింగులు: సున్నా.

దశ 2: ఉప్పు బదులు ఏం వేయాలి

*ఎప్సమ్ ఉప్పు* (మెగ్నీషియం సల్ఫేట్). కాసేపటికే కాథోడ్ చుట్టూ తెల్లటి మబ్బు కమ్మింది. కాథోడ్ దగ్గర హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి, అవి మెగ్నీషియంతో కలిసి కరగని మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అవుతాయి. చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ పూత ఎలక్ట్రోడ్‌కి అంటుకుని కరెంటు తగ్గిపోతోంది. వద్దు.

*వంట సోడా* (సోడియం బైకార్బొనేట్). మొదట అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపించింది. హైడ్రోజన్ 10 మి.లీ. ఉన్నప్పుడు రెండో గొట్టంలో 4.6. కానీ హైడ్రోజన్ 20కి చేరేసరికి రెండోది 11.5 అయింది. సగానికి మించి ఆక్సిజన్ రావడానికి వీల్లేదు కదా! అదనంగా వచ్చింది కార్బన్ డయాక్సైడ్. ఆనోడ్ దగ్గర ఆక్సిజన్‌తో పాటు ఆమ్లం కూడా పుడుతుంది, ఆ ఆమ్లం బైకార్బొనేట్‌ని విడగొడుతుంది. ముందు వచ్చిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగిపోయి దాక్కుంటుంది. నీరు ఇక పట్టలేనప్పుడు బుడగలై పైకి వస్తుంది. ఈ సోడాతో 2:1 వచ్చినా అది మధ్యలో ఎక్కడో తగిలిన అంకే, నమ్మడానికి లేదు.

*సోడియం సల్ఫేట్.* దీనితో ఏ గొడవా లేదు. రంగు సూచిక వేసి చూపించాలంటే ఇదే సరైనది. బ్రోమోథైమాల్ బ్లూ కలిపితే కాథోడ్ వైపు నీలం, ఆనోడ్ వైపు పసుపు అవుతుంది, చివర్లో రెండూ కలిపితే మళ్లీ ఆకుపచ్చ. కాథోడ్ దగ్గర పుట్టిన క్షారం, ఆనోడ్ దగ్గర పుట్టిన ఆమ్లం సరిసమానమని కళ్లముందే తేలుతుంది. కాకపోతే ఆనోడ్ వైపు ద్రావణం ఆమ్లంగా మారితే మామూలు లోహాలు తట్టుకోవు. దీనికి గ్రాఫైట్ గానీ ప్లాటినం గానీ కావాలి.

*బట్టల సోడా* (వాషింగ్ సోడా, సోడియం కార్బొనేట్). చివరికి ఇదే ఉంచాం. ఇందులోనూ ఆనోడ్ దగ్గర ఆమ్లం పుడుతుంది, కానీ కార్బొనేట్ దాన్ని మింగి బైకార్బొనేట్‌గా మారి ఊరుకుంటుంది, కార్బన్ డయాక్సైడ్ దాకా వెళ్లదు. కార్బొనేట్ సరిపడా ఉందో లేదో మాత్రం లెక్క చూసుకోవాలి.

1. స్ఫటికాల సోడా 30 గ్రాములు, నీళ్లు పోసి మొత్తం 500 మి.లీ. చేశాం. ఆ స్ఫటికాల బరువులో దాదాపు 63 శాతం నీరే కాబట్టి ఒక మోల్ (అణువుల్ని లెక్కపెట్టే ప్రమాణం) బరువు 286 గ్రాములు. అంటే లీటరుకి 0.21 మోల్.
2. ఆనోడ్ గొట్టంలో పట్టే 20 మి.లీ.లో కార్బొనేట్ 4.2 మిల్లీమోల్.
3. మేం పంపబోయే కరెంటుకి 20 నిమిషాల రన్‌లో పుట్టే ఆమ్లం 1.3 మిల్లీమోల్.

మూడింతలకు పైగా నిల్వ ఉంది, చాలు. పొడి సోడా వాడేవాళ్లు 11 గ్రాములు వేసుకుంటే ఇదే గాఢత వస్తుంది. ఈ ద్రావణం చర్మాన్ని, కళ్లను మండిస్తుంది, గ్లవ్స్ మర్చిపోవద్దు.

దశ 3: ఎలక్ట్రోడ్లు

ఎక్కువ సమయం తిన్న దశ ఇదే.

గ్రాఫైట్ కడ్డీ ఆనోడ్‌గా ఉంటే నల్లటి పొడి రాలుతుంది. అక్కడ పుట్టే ఆక్సిజన్‌లో కొంత ఆ కార్బన్‌నే ఆక్సీకరిస్తుంది. సోడియం సల్ఫేట్‌లో హైడ్రోజన్ 10 మి.లీ. వచ్చినప్పుడు ఆనోడ్ వైపు 3.4 మాత్రమే ఉంది. రంగుల ప్రదర్శనకి పర్వాలేదు, కొలతకి పనికిరాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు బాగానే పనిచేస్తుంది గానీ ఆనోడ్‌గా వాడితే అందులోని క్రోమియం క్రోమేట్‌గా కరిగే అవకాశం ఉంది. అది విషం. ద్రావణం లేత పసుపు రంగుకి తిరిగితే ఆపేయాలి, తూములో పారబోయకూడదు. పిల్లల చేతికి ఇచ్చే సెల్‌లో ఈ రిస్కు ఎందుకని వదిలేశాం.

నికెల్ పట్టీకి వచ్చాం. పరిశ్రమల్లో క్షార ద్రావణంతో హైడ్రోజన్ తీసే సెల్స్‌లో కూడా నికెలే వాడతారు. క్షారంలో దాని ఉపరితలం నల్లటి పొర కట్టుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. బ్యాటరీలు కలిపే సన్న పట్టీలు దీనికి సరిపోతాయి. ఒక చిక్కుంది. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీలు కూడా చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. అయస్కాంతంతో తేల్చలేం, నికెల్ కూడా అయస్కాంతానికి అంటుకుంటుంది. పరీక్ష ఇలా:

1. ఆకురాయితో పట్టీ అంచు లోతుగా గీకాలి.
2. ఉప్పు నీటిలో రాత్రంతా ఉంచాలి.
3. గీకిన చోట తుప్పు పడితే అది ఇనుము. పడకపోతే వాడుకోవచ్చు.

కొందరికి నికెల్ తగిలితే దద్దుర్లు వస్తాయి, ఇక్కడ కూడా గ్లవ్సే.

అయినా మొదటి అమరికలో ఆనోడ్ వైపు నీలి ఆకుపచ్చ మరక వచ్చింది. పట్టీ మంచిదే. దానికి అతికించిన రాగి తీగ అతుకు నీటిలో మునిగి ఉంది. ఆనోడ్‌గా ఉన్న రాగి నీటిని విడగొట్టడానికి బదులు తానే కరుగుతుంది. అలా ఖర్చయిన ప్రతి ఎలక్ట్రానూ ఆక్సిజన్ లెక్కలోంచి పోయినట్టే. 1800లో ఇంగ్లండ్‌లో నికల్సన్, కార్లైల్ అనే ఇద్దరు మొదటిసారి వోల్టా బ్యాటరీతో నీటిని విడగొట్టినప్పుడూ ఇదే జరిగింది. ఇత్తడి తీగలు వాడితే ఒకవైపే వాయువు వచ్చింది, రెండో తీగ ఆక్సీకరణం చెందింది. ప్లాటినం తీగలు పెట్టాకే రెండువైపులా బుడగలు వచ్చాయి.

మార్పు: నికెల్ పట్టీని పొడుగ్గా కత్తిరించి ద్రావణం బయటిదాకా తెచ్చాం. మునిగే భాగానికి హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే ప్లాస్టిక్) తొడుగు వేసి, కొసన 3 సెం.మీ. మాత్రమే లోహం కనబడేలా ఉంచాం. రాగి అతుకు ఇప్పుడు పూర్తిగా గాలిలో ఉంది.

దశ 4: గొట్టాలు

జర్మన్ రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ నీటిని విడగొట్టడానికి 1866లో చూపించిన పరికరంలో గాజు గొట్టాలకు పైన కుళాయిలు ఉంటాయి. మా దగ్గర వాటి పని చేసేవి 20 మి.లీ. ప్లాస్టిక్ సిరంజిలు. పిస్టన్ తీసేసి, ముక్కు పైకి ఉండేలా తలకిందులుగా నిలబెట్టాలి. సిరంజి మీద సున్నా ముక్కు దగ్గరే ఉంటుంది కాబట్టి వాయువు ఎంతో నేరుగా చదివేయొచ్చు.

పాత్ర అడుగున రంధ్రాలు చేసి ఎలక్ట్రోడ్లు దూర్చిన అమరిక కారిపోయింది. వేడి జిగురు గన్‌తో వేసిన జిగురు క్షారంలో కాసేపటికే ఊడొచ్చింది. రంధ్రాల ఆలోచన మానేసి, పట్టీని పై నుంచి దింపి, అడుగున జె ఆకారంలో వంచి, కొసను సిరంజి నోట్లోకి తిప్పాం. లీకు బాధ అక్కడితో పోయింది. తొడుగు లేని లోహం సిరంజి అంచుకి కిందుగా కనబడకూడదు, కనబడితే బుడగలు బయటికి పోతాయి.

పైన ముక్కుకి చిన్న సిలికాన్ ట్యూబు, దానికి క్లిప్పు. మూతకి లీకు ఉందో లేదో ఇలా చూడాలి:

1. ఖాళీ సిరంజితో పై నుంచి పీల్చి ద్రావణాన్ని ట్యూబు దాకా నింపాలి.
2. క్లిప్పు వేసి, కరెంటు లేకుండా అరగంట వదిలేయాలి.
3. నీటిమట్టం కదలకూడదు.

మా మొదటి క్లిప్పు ఓడిపోయింది. ఇక్కడ చాలామంది తిరగేసి ఊహిస్తారు. లీకుంటే వాయువు బయటికి పోతుందనుకుంటారు గానీ, గొట్టంలో నీటిమట్టం బయటి మట్టం కన్నా ఎత్తుగా ఉన్నంతసేపూ లోపలి పీడనం బయటికన్నా తక్కువే. కాబట్టి బయటి గాలి లోపలికి వస్తుంది, రీడింగు పెరుగుతుంది. ట్యూబు మడిచి రెండు క్లిప్పులు వేశాక మట్టం నిలబడింది.

సిరంజి గీతల్ని కూడా నమ్మకుండా నీళ్లు తూచి చూశాం. 29 డిగ్రీల దగ్గర 10 మి.లీ. నీరు 9.96 గ్రాములు తూగాలి. మా రెండు సిరంజిలూ తేడా లేకుండా వచ్చాయి.

దశ 5: కరెంటును ఒక చోట నిలబెట్టడం

9 వోల్టుల బ్యాటరీతో తీసిన రీడింగుల్లో కొన్ని ఇవి: మొదట్లో 138 మిల్లీ ఆంపియర్లు, 5 నిమిషాలకి 96, 10 నిమిషాలకి 71. మొదటిదీ చివరిదీ సగటు తీస్తే 104.5. మధ్య రీడింగులు కూడా కలిపి లెక్క కడితే 99. ఈ సగటు తేడాతోనే 5 శాతం పోయింది. మనం వెతుకుతున్న తేడాలు కూడా అంతే ఉన్నప్పుడు ఇలాంటి కరెంటుతో పని జరగదు.

మార్పు: 12 వోల్టుల అడాప్టర్, ఎల్‌ఎం317 రెగ్యులేటర్ (కరెంటును నిలకడగా ఉంచే మూడు కాళ్ల చిప్).

1. అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య 12 ఓముల రెసిస్టర్.
2. సెల్‌కి వెళ్లే పాజిటివ్ వైరు అడ్జస్ట్ కాలి నుంచి.
3. సెల్ నెగటివ్ నుంచి మల్టీమీటర్ ద్వారా అడాప్టర్ నెగటివ్‌కి.

ఆ రెండు కాళ్ల మధ్య ఈ చిప్ దాదాపు 1.25 వోల్టులు నిలబెడుతుంది, 1.25 ÷ 12 అంటే 104 మిల్లీ ఆంపియర్లు. మీటరు కూడా 104 చూపించింది. చిప్‌లో ముప్పావు వాటు దాకా వేడి పుడుతుంది, చిన్న హీట్ సింక్ బిగించాలి. మల్టీమీటర్ కరెంటు రేంజిలో ఉన్నప్పుడు దాన్ని సిరీస్‌లోనే పెట్టాలి, అడాప్టర్ రెండు కొసలకీ తగిలిస్తే మీటరు ఫ్యూజు పోతుంది.

దశ 6: ఎంత రావాలో ముందే లెక్క

నిష్పత్తి 2 కన్నా ఎక్కువ వచ్చిందంటే హైడ్రోజన్ ఎక్కువైందా, ఆక్సిజన్ తక్కువైందా? నిష్పత్తి చూసి చెప్పలేం. కరెంటు, టైము తెలిస్తే ఫారడే నియమంతో (పారిన ఆవేశానికి తగ్గట్టే వాయువు వస్తుందనేది) ఒక్కో గొట్టానికీ విడిగా అంకె వస్తుంది. పది నిమిషాలకి:

1. ఆవేశం = 0.104 × 600 = 62.4 కూలుంబులు.
2. ఒక హైడ్రోజన్ అణువుకి రెండు ఎలక్ట్రాన్లు కావాలి. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,485 కూలుంబులు. 62.4 ÷ 192,970 = 0.000323 మోల్.
3. 29 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గర మోల్ వాయువు 24.8 లీటర్లు. గొట్టంలో నీటి ఆవిరి కూడా 4 శాతం ఉంటుంది కాబట్టి 25.8 వాడాలి.
4. హైడ్రోజన్ 8.34 మి.లీ., ఆక్సిజన్ 4.17 మి.లీ.

మూడో మెట్టులో 22.4 లీటర్లు వాడితే హైడ్రోజన్ 7.2 మి.లీ. అని వస్తుంది, సెల్ ఎక్కువ ఇస్తోందని అనుమానం పుడుతుంది. 22.4 అనేది సున్నా డిగ్రీల అంకె.

దశ 7: ఆక్సిజన్ లోటు

కొత్త ద్రావణంతో పది నిమిషాలు:

హైడ్రోజన్ 8.1 (రావాల్సింది 8.34)
ఆక్సిజన్ 3.6 (రావాల్సింది 4.17)
నిష్పత్తి 2.25
సెల్‌లో ఇప్పటిదాకా పారిన ఆవేశం: 62.4 కూలుంబులు

హైడ్రోజన్ 3 శాతం తక్కువ, ఆక్సిజన్ 14 శాతం తక్కువ. కాబట్టి వెతకాల్సింది ఆక్సిజన్ గొట్టంలోనే. రాగి లేదు, గ్రాఫైట్ లేదు, లీకు లేదు. మిగిలింది ద్రావణమే. స్వచ్ఛమైన ఆక్సిజన్ తగులుతూ ఉంటే లీటరు నీటిలో 25 మి.లీ.కి పైగానే కరుగుతుంది. గొట్టంలోని 20 మి.లీ. నీరే అర మి.లీ. దాకా తాగేయగలదు. హైడ్రోజన్ దానికన్నా తక్కువ కరుగుతుంది, పైగా దాని మొత్తం రెట్టింపు కాబట్టి పోయినా అంతగా కనబడదు.

మార్పు: కొలవక ముందే ద్రావణానికి వాయువులు తాగించేయడం.

1. 20 నిమిషాలు కరెంటు పంపి, వచ్చిన వాయువుల్ని క్లిప్పు తీసి వదిలేయాలి (నిప్పు దగ్గర్లో ఉండకూడదు).
2. ద్రావణం మార్చకుండా గొట్టాలు మళ్లీ పైకి నింపాలి.
3. రీడింగు తీసే ముందు సిరంజిని వేలితో కొట్టి, పట్టీకి అంటుకున్న బుడగల్ని పైకి పంపాలి.

ఆవేశం ఇప్పటిదాకా: 187.2 కూలుంబులు.

తర్వాతి రన్, 20 నిమిషాలు:

10 నిమిషాలకి: హైడ్రోజన్ 8.2, ఆక్సిజన్ 3.9
20 నిమిషాలకి: హైడ్రోజన్ 16.5, ఆక్సిజన్ 8.0
ఆవేశం ఇప్పటిదాకా: 312.0 కూలుంబులు

మొత్తం మీద నిష్పత్తి 2.06. కానీ రెండో పది నిమిషాల్ని విడిగా చూడండి: 8.3, 4.1. నిష్పత్తి 2.02. ట్యూబులో ఇరుక్కున్న చుక్క, మొదట్లో కరిగిన వాయువు లాంటివన్నీ మొదటి రీడింగులోనే ఉండిపోతాయి. సున్నా నుంచి కొలవకుండా రెండు రీడింగుల తేడా తీసుకుంటే వాటి బెడద చాలావరకు తప్పుతుంది. ఈ మొత్తం ప్రాజెక్టులో ఎక్కువ లాభం ఇచ్చిన మార్పు ఇదే, పైసా ఖర్చు లేదు.

ఆ 8.3 మి.లీ.ని తిరగేసి ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం కడితే దాదాపు 97,000 కూలుంబులు వచ్చింది. అసలు విలువకి అర శాతం దూరం. సంతోషమే గానీ, సిరంజి మీద 0.1 మి.లీ. తప్పు చదివినా 1 శాతం మారిపోతుంది. ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు ఉంది.

దశ 8: వైర్లు తిరగేయడం

తేడా సిరంజిలదో, వాయువులదో తేల్చడానికి పాజిటివ్, నెగటివ్ మార్చి పది నిమిషాలు నడిపాం.

హైడ్రోజన్ (పాత ఆక్సిజన్ గొట్టం) 8.2
ఆక్సిజన్ (పాత హైడ్రోజన్ గొట్టం) 3.9
ఆవేశం మొత్తం: 374.4 కూలుంబులు

లోటు గొట్టంతో కాకుండా ఆక్సిజన్‌తో పాటే పక్కకి మారింది. సిరంజిలు నిర్దోషులు. స్విచ్చి వేయగానే ఒక సంగతి కనిపించింది. కొత్త కాథోడ్ మీద, అంటే నల్లగా ఉన్న పట్టీ మీద, కాసేపు బుడగలే లేవు. మీటరు మాత్రం అదే 104 చూపిస్తోంది. ముందు ఆ నల్ల పొరే ఎలక్ట్రాన్లు తీసుకుంది, దాని వంతు అయ్యాకే హైడ్రోజన్ మొదలైంది. రీచార్జబుల్ నికెల్ బ్యాటరీలో జరిగేది ఈ చర్యే. వైర్లు మార్చిన ప్రతిసారీ మొదటి నిమిషం వదిలేసి కొలవడం మొదలుపెట్టాలి.

వాయువుల పరీక్ష చివర్లో, పెద్దవాళ్ల చేత్తోనే. సిరంజిలో కాకుండా చిన్న పరీక్షనాళికలోకి మార్చాకే. హైడ్రోజన్‌కి మండే పుల్ల చూపిస్తే టప్ మంటుంది, ఆక్సిజన్‌లో కణకణలాడే పుల్ల భగ్గుమంటుంది.

పారిన 374.4 కూలుంబులకి విడిపోయిన నీరు 35 మిల్లీగ్రాములు, ఒక చుక్క కన్నా తక్కువ. కాబట్టి ద్రావణం అలాగే ఉంది, మళ్లీ వాడుకోవచ్చు. మూత గట్టిగా బిగించి, సీసా మీద పేరు, గాఢత రాసి పెట్టాలి. మూత లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని కార్బొనేట్ మెల్లగా బైకార్బొనేట్ అవుతుంది, మళ్లీ దశ 2 గొడవే.